దదిర్రి: డాలీ నది ఒడ్డున ఉన్న ఒక టీచరమ్మ గురించి

నర్సక్క_డార్విన్
అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళం ఇక్కడ చాలామందిమే ఉన్నాం. కలిస్తే వీసాలు, ఇంటి అద్దెలు, పిల్లల స్కూళ్ళు, ఇవే మాటలు. ఈ నేల అసలు ఎవరిదో వాళ్ళ గురించి మనం మాట్లాడుకోవడం నేను పెద్దగా చూడలేదు. అందుకే ఇది మొదలుపెడుతున్నా, కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మిరియం-రోజ్ ఉంగున్‌మర్-బౌమన్ అని ఒకావిడ ఉన్నారు. ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న డార్విన్ నుంచి దక్షిణంగా 200 కిలోమీటర్లు దాటితే డాలీ నది, ఆ ఒడ్డున నౌయు అనే చిన్న ఊరు. అదే ఆవిడ ఊరు. 1950లో పుట్టారు. 1975లో టీచరయ్యారు, ఈ ప్రాంతమంతా కలిసిన నార్తర్న్ టెరిటరీ మొత్తంలో పూర్తి అర్హతలున్న మొదటి ఆదివాసీ టీచర్ ఆవిడే. తర్వాత తన ఊళ్ళోనే సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ బడికి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 2021లో సీనియర్ ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చారు. కానీ ఆవిడ పేరు నా దాకా వచ్చింది అవార్డు వల్ల కాదు.

నేను ఈ వైపు కొత్తగా వచ్చిన రోజుల్లో, పని చేస్తున్న చోట ఒక పెద్దావిడ పేషెంట్. నొప్పి ఎక్కడ అని అడిగాను. మాట్లాడలేదు. మళ్ళీ అడిగాను, గొంతు పెంచి అడిగాను, సైగ చేసి కూడా అడిగాను. ఆవిడ కిటికీ వైపు చూస్తూ ఉంది. ఫైల్లో "సహకరించడం లేదు" అని రాసేశాను. మాతో పనిచేసే ఆదివాసీ హెల్త్ వర్కర్ ఒకామె అది చదివి నన్ను పక్కకి పిలిచి, నువ్వు అడిగావు కానీ ఆగలేదు అంది. అంతే అంది. ఆ రాత్రి డ్యూటీ అయ్యాక కూడా నాకు నిద్ర పట్టలేదు. తర్వాత ఆమే మిరియం-రోజ్ గారు 1988లో చేసిన ప్రసంగం చదవమని ఇచ్చింది. దాంట్లో ఉన్న మాటే దదిర్రి.

కొత్తకాపు
అక్కా, మంచి టైములో పెట్టారు. నేను డాక్టర్ని, ఇంకో రెండు వారాల్లో టెరిటరీలో ఒక మారుమూల క్లినిక్‌లో చేరుతున్నా. నిజం చెప్పాలంటే ఇష్టపడి వెళ్ళడం లేదు, బయటి దేశంలో చదివిన మాలాంటివాళ్ళకి మెడికేర్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య బీమా, బిల్లింగ్ కావాలంటే 10 ఏళ్ళు డాక్టర్ల కొరత ఉన్న చోట్ల చేయాలి కదా, అలా వచ్చిపడింది. చాలా టెన్షన్‌గా ఉంది. దదిర్రి అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పండి.

నర్సక్క_డార్విన్
తమ్ముడూ, నాకు అర్థమైనంతవరకు చెబుతాను. అది వాళ్ళ మాట, మన మాటల్లోకి పూర్తిగా రాదు. మిరియం-రోజ్ గారి జనం పేరు ఙన్‌గికురుంగుర్, ఆ పేరుకి అర్థమే లోతైన నీటి చప్పుడు. దదిర్రి అంటే లోపలినుంచి వినడం, కదలకుండా మెదలకుండా ఎరుకతో ఉండటం. నది ఒడ్డున కూర్చున్నా, చెట్ల మధ్య నడుస్తున్నా, మనవాళ్ళెవరో పోయినా ఆ నిశ్శబ్దంలోకి వెళ్ళి ఊరట పొందుతాం అంటారు ఆవిడ. తమవాళ్ళకి నిశ్శబ్దం అంటే భయం లేదంటారు. తమ పిల్లలు ప్రశ్నలు వేసి నేర్చుకోలేదట, చూసి, విని, ఆగి, ఆ తర్వాత చేసి నేర్చుకున్నారట. కాలం వచ్చేదాకా నదిని తొందరపెట్టరు, అడవిలో పండే కాయల్ని తొందరపెట్టరు. మనిషి పోతే ఆ దుఃఖంతో చాలాకాలం కూర్చుంటారు.

మనకి ఇంకోలా అలవాటు. కథ చెబుతుంటే ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే మా అమ్మమ్మ కథ ఆపేసేది, నిద్రపోయావా అని. అంటే మన చెవులు పనిచేస్తున్నాయని నోటితో రుజువు చూపించాలి. ఆ పెద్దావిడ ఊ కొట్టలేదు కాబట్టి వినడం లేదనుకున్నాను. ఆవిడ వింటూనే ఉంది, చెప్పడానికి తగిన మాట కోసం, బహుశా తగిన మనిషి కోసం కూడా చూస్తోంది.

వేపపుల్ల
చదవడానికి బాగుంది కానీ ఇది మన ధ్యానం లాంటిదే కదా. మౌనం, మునులు, మనకి లేనిదా? పైగా వాళ్ళు అసలు మన దక్షిణాది నుంచే వెళ్ళారట, డీఎన్ఏలో తేలిందని చదివాను.

పెరటిచెట్టు
వేపపుల్ల గారూ, నేను సిడ్నీలో పబ్లిక్ హెల్త్ చదువుతున్నా, ఈ డీఎన్ఏ మాట ప్రతి తెలుగు పార్టీలో వింటా. 2013లో ఒక పరిశోధన వచ్చింది, దాదాపు 4,000 ఏళ్ళ కిందట భారతదేశం వైపు నుంచి కొంత జన్యువుల కలయిక జరిగి ఉండొచ్చని. 2016లో వాళ్ళ వై క్రోమోజోములను ఇంకా లోతుగా చూసిన పరిశోధనలో దానికి ఆధారం కనబడలేదు. 2013 నాటి పరిశోధన కూడా వాళ్ళు మన దగ్గర నుంచి వెళ్ళారని చెప్పలేదు. వాళ్ళు ఆ నేల మీద 50,000 ఏళ్ళకు పైగా ఉన్నారు. ప్రతి గొప్ప విషయం మన దగ్గరే పుట్టాలని మనకెందుకు అంత పట్టుదల అండీ? వాళ్ళది వాళ్ళదిగా ఉంటే మనకొచ్చే నష్టం ఏమీ లేదు.

ధ్యానం లాంటిదే అన్నారు కదా, అక్కడ కూడా తేడా ఉంది. మిరియం-రోజ్ గారు చెప్పేది ఒంటరిగా కళ్ళు మూసుకుని కూర్చోవడం ఒక్కటే కాదు. ఒకరినొకరు వినడం, నేలను వినడం, చుట్టాలతో ఉండటం, పెద్దలు చెప్పేదాకా ఆగడం, ఇదంతా కలిపే దదిర్రి. ఇప్పుడు కొన్ని ఆఫీసుల్లో వెల్‌నెస్ పేరుతో పది నిమిషాలు దీపం పెట్టి దదిర్రి అంటున్నారు, నాకు అది చూస్తే బాధేస్తుంది.

నిజమైన పోలిక కావాలంటే చుట్టరికాలు చూడండి. వాళ్ళలో చాలా తెగల్లో నాన్న అన్నదమ్ములంతా నాన్నలే, అమ్మ అక్కచెల్లెళ్ళంతా అమ్మలే. మనకీ అంతే కదా, పెద్దనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, చిన్నమ్మ. వాళ్ళ పిల్లలు అన్నదమ్ములే కానీ మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు వేరే వరస. పశ్చిమ ఆస్ట్రేలియాలో కరియెరా అనే జనం వరసలకీ ద్రావిడ భాషలవాళ్ళ వరసలకీ ఉన్న పోలిక గురించి మానవశాస్త్రవేత్తలు ఎప్పటినుంచో రాస్తున్నారు. రక్తం కలిసిందని కాదు, ఆలోచన అలా కుదిరింది.

నర్సక్క_డార్విన్
ఇది నాకు పనిలో చాలా ఉపయోగపడింది. బిడ్డ తల్లి ఎవరు, సంతకం పెట్టాలి అని అడిగితే ముగ్గురు ఆడవాళ్ళు ముందుకొస్తారు. మా తోటి తెల్ల నర్సు గందరగోళపడుతుంది, అబద్ధం చెబుతున్నారేమో అనుకుంటుంది. నాకు వెంటనే అర్థమైంది, మా ఇంట్లో కూడా మా అక్క కొడుకు నన్ను అమ్మా అనే అంటాడు. "కన్న తల్లి ఎవరు" అని అడగాలి, "తల్లి ఎవరు" అని కాదు. అలాగే అత్తాఅల్లుళ్ళు ఒకే గదిలో ఉండకూడదు, ఎదురుపడి మాట్లాడకూడదు అనే కట్టుబాటు చాలా చోట్ల ఉంది. వెయిటింగ్ హాల్లోంచి ఎవరైనా చెప్పకుండా లేచి వెళ్ళిపోతే అది కారణం కావచ్చు. తమ్ముడూ కొత్తకాపూ, ఇది రాసిపెట్టుకో.

గోదారిగట్టు
నేను మెల్‌బోర్న్‌లో పదిహేనేళ్ళుగా ఉన్నాను. ఒకటి సూటిగా అడుగుతా, తప్పుగా అనుకోకండి. ప్రభుత్వం వాళ్ళకి ఇంత డబ్బు ఖర్చు పెడుతోంది, ఉచిత వైద్యం, చదువు. మనం ఏమీ లేకుండా వచ్చి కష్టపడి నిలబడ్డాం. వాళ్ళ ఆరోగ్యం ఎందుకు బాగుపడదు? మౌనంగా వినడం వల్ల షుగర్ తగ్గుతుందా?

పెరటిచెట్టు
మీరు అడిగిందే చాలామంది మనసులో ఉంటుంది, అడిగినందుకు థాంక్స్. మనం ఏమీ లేకుండా వచ్చామన్నారు. మనం డిగ్రీతో వచ్చాం, అమ్మానాన్న ఫోన్లో ఉన్నారు, మన భాష మనకుంది. వాళ్ళకి జరిగింది వేరు. 1910 నుంచి 1970 దాకా ప్రభుత్వమూ చర్చిలూ ఆదివాసీ పిల్లల్ని తల్లుల చేతుల్లోంచి లాక్కుని హోముల్లో, తెల్లవాళ్ళ ఇళ్ళలో పెట్టాయి. 1997లో వచ్చిన జాతీయ విచారణ నివేదిక ఇలా పోయిన పిల్లలు ప్రతి పది మందిలో ఒకరి నుంచి ప్రతి ముగ్గురిలో ఒకరి దాకా ఉంటారని లెక్క వేసింది. సొంత భాష మాట్లాడితే కొట్టారు. ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న. అంటే నిన్న మొన్న. అలా తీసుకుపోయిన పిల్లల్లో చాలామంది ఇంకా బతికే ఉన్నారు, మీ పక్క వీధిలోనే ఉండొచ్చు.

జూడీ అట్కిన్సన్ అని ఇంకో ఆదివాసీ అధ్యాపకురాలు ఉన్నారు, జిమన్, బుంజలుంగ్ జనాలకు చెందినావిడ. సదరన్ క్రాస్ యూనివర్సిటీలో గ్నిబి అనే ఆదివాసీ కాలేజీని నడిపారు. తాగుడు, కొట్లాట, ఇవన్నీ ఒక తరం గాయం మాన్పకుండా వదిలేస్తే తర్వాతి తరానికి ఎలా దిగుతుందో తన పరిశోధనలో చూపించారు. ఆ పరిశోధన చేసిన పద్ధతే దదిర్రి. ఫారాలు పట్టుకుని ప్రశ్నలు అడగలేదు, ఏళ్ళ తరబడి జనం మధ్య కూర్చుని, తీర్పు చెప్పకుండా విన్నారు. దాంట్లోంచి వి ఆల్-లి అనే శిక్షణ పుట్టింది, వొప్పబుర్రా భాషలో ఆ మాటలకి నిప్పు, నీరు అని అర్థం. మనుషులు గుండ్రంగా కూర్చుని తమ కథ తాము చెప్పుకుంటారు. కోపం నిప్పు, ఏడుపు నీరు అనుకోండి, రెండిటికీ అక్కడ చోటు ఉంటుంది.

షుగర్ సంగతి అక్క చెబితే బాగుంటుంది.

నర్సక్క_డార్విన్
గోదారిగట్టు అన్నయ్యా, వినడం వల్ల షుగర్ తగ్గదు. వినకపోతే మాత్రం పెరుగుతుంది, ఇది నేను కళ్ళారా చూసింది. అడగని మనిషికి మాత్రలు ఇస్తాం, ఎందుకు వేసుకోలేదో కనుక్కోం, తర్వాత కిడ్నీ పోతుంది. కిడ్నీ పోతే డయాలసిస్ కోసం వందల కిలోమీటర్లు వదిలి ఊరికాని ఊళ్ళో బతకాలి. పశ్చిమ ఎడారిలో కింటోర్ అనే ఊరి పెద్దలకి అదే జరిగింది, ఆలిస్ స్ప్రింగ్స్ వాళ్ళకి 500 కిలోమీటర్ల దూరం. మా నేల మీద చనిపోనివ్వండి అని అడిగితే ఎవరూ వినలేదు. అప్పుడు వాళ్ళ చిత్రకారులే 2000లో బొమ్మలు వేసి సిడ్నీలోని ఆర్ట్ గ్యాలరీలో వేలం వేసి పది లక్షల డాలర్లకు పైగా కూడబెట్టి తమ ఊళ్ళోనే డయాలసిస్ పెట్టించుకున్నారు. ఇవాళ ఆ సంస్థని పర్పుల్ హౌస్ అంటారు, వాళ్ళ భాషలో దాని పేరుకి మా కుటుంబాలన్నిటినీ బాగుచేసుకోవడం అని అర్థం. ప్రభుత్వం డబ్బు ఇవ్వక ముందు వాళ్ళే చేసి చూపించారు. అంతకు ముందు 1971లో సిడ్నీ రెడ్‌ఫర్న్‌లో ఆదివాసులే మొదటి సొంత క్లినిక్ తెరిచారు, ఇప్పుడు దేశమంతా అలాంటివి నూటికి పైగా ఉన్నాయి.

ఆయుర్దాయం లెక్క కూడా చెబుతా. 2020-22 లెక్కల్లో ఆదివాసీ మగవాళ్ళకి 71.9 ఏళ్ళు, ఆడవాళ్ళకి 75.6. మిగతావాళ్ళతో పోలిస్తే ఎనిమిదేళ్ళకు పైగా తక్కువ. మా వార్డులో నలభై ఏళ్ళకే కాలు తీసేసిన వాళ్ళు ఉంటారు. ఈ అంకెలు నాకు మొహాలుగా కనిపిస్తాయి.

గోదారిగట్టు
కింటోర్ సంగతి నాకు నిజంగా తెలియదమ్మా. 2023 అక్టోబర్‌లో, ఆదివాసుల మాట పార్లమెంటుకు వినిపించే సంఘం ఒకటి రాజ్యాంగంలో పెట్టాలా వద్దా అని రెఫరెండం వచ్చినప్పుడు మా ఆఫీసులో ఎవరో చెప్పింది విని ఓటేశాను, ఆదివాసీ మనిషి ఒక్కరితో కూడా అంతకు ముందు మాట్లాడలేదు. ఏ వైపు వేశానో ఇక్కడ రాయను. పదిహేనేళ్ళలో ఒక్కరితోనూ మాట్లాడలేదని రాస్తుంటే ఇప్పుడే తెలిసొస్తోంది.

మన్యం_మాస్టారు
అమ్మా నర్సమ్మా, నేను విదేశాల వాణ్ణి కాదు, పాడేరు ఏజెన్సీలో ముప్పై ఏళ్ళు టీచరుగా చేసి రిటైరయ్యాను. మీ మాటలు చదివి రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను.

నా మొదటి పోస్టింగ్ కువి మాట్లాడే ఊరు. పిల్లలు ఒకటో తరగతిలో నోరు విప్పేవాళ్ళు కాదు. నేను తెలుగులో అడుగుతాను, వాళ్ళు నేల చూపులు చూస్తారు. మందబుద్ధులు అని రిజిస్టర్లో రాయలేదు కానీ మనసులో రాసేసుకున్నాను. ఒకరోజు వాగు దగ్గర అదే పిల్లలు చేపలు పడుతూ గలగలా మాట్లాడుతుంటే నిలబడిపోయాను. నాకు కువి రాదు, వాళ్ళకి తెలుగు రాదు, ఇద్దరిలో ఆరేళ్ళ పిల్లాడిదే తప్పని నేను తీర్మానించాను. తర్వాత 2003 ప్రాంతంలో మన రాష్ట్రంలో సవర, కువి, కోయ, గోండి, కొలామి లాంటి భాషల్లో మొదటి తరగతులు చెప్పే పని మొదలైంది, అందులో నేనూ పనిచేశాను. నా చేతిలోంచి అప్పటికే వెళ్ళిపోయిన పిల్లలు మాత్రం వెళ్ళిపోయారు.

గిడుగు రామమూర్తి గారిని మనం వాడుక భాష కోసమే తలుచుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవరలతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు, వాళ్ళకి వాళ్ళ భాషలోనే బళ్ళు పెట్టారు, సవర నిఘంటువు రాశారు. ఆ కొండల్లో తిరిగి జ్వరాలు తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. ఆ చెవులు ఎందుకు పోయాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. మీ మిరియం-రోజ్ గారు బడిలో ఏం చేశారో చెప్పమ్మా, అది వినాలని ఉంది.

నర్సక్క_డార్విన్
మాస్టారూ, దండాలు. చెబుతాను. ఆవిడ బొమ్మల ద్వారా చదువు చెప్పారు. పిల్లాడికి ఇంగ్లీషులో చెప్పడం రాకపోతే గీసి చూపించమనేవారు. ఆ పని చూసి విద్యాశాఖవాళ్ళు టెరిటరీ అంతా తిరిగి ఆర్ట్ చెప్పించే సలహాదారుగా పెట్టుకున్నారు. ఆవిడే ఐదు ఆదివాసీ భాషలు మాట్లాడతారు. తన ఊరి బడిని తన ఊరివాళ్ళే నడపాలని, టీచర్లు అక్కడినుంచే రావాలని పట్టుబట్టారు. వాళ్ళ ఊళ్ళో మెరెపెన్ ఆర్ట్స్ అని ఆడవాళ్ళు బొమ్మలు, అల్లికలు చేసే కేంద్రం ఉంది, మెరెపెన్ అంటే వాళ్ళు బుట్టలు అల్లే తాటిజాతి చెట్టు. పిల్లలు బడిలోనూ అక్కడా పెద్దవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకుంటారు.

మీకు కోపం తెప్పించే విషయం ఒకటి చెప్పాలి. టెరిటరీలో 1970ల నుంచి కొన్ని బళ్ళలో పిల్లల భాషలోనూ ఇంగ్లీషులోనూ కలిపి చెప్పేవారు. 2008లో అక్కడి ప్రభుత్వం రోజూ మొదటి నాలుగు గంటలు ఇంగ్లీషే ఉండాలని ఆర్డర్ వేసింది. పిల్లలు రావడం లేదంటూ మళ్ళీ వాళ్ళే గోల.

మన్యం_మాస్టారు
నాలుగు గంటలా. ఆరేళ్ళ బిడ్డకి నాలుగు గంటలు అర్థం కాని మాటలు. ఆ బిడ్డ మౌనం దదిర్రి కాదమ్మా, అది నోరు కట్టేయడం. రెండిటికీ తేడా టీచరుకి తెలియాలి, డాక్టరుకీ తెలియాలి.

వేపపుల్ల
నా మొదటి కామెంట్ తొందరపడి పెట్టాను, ఒప్పుకుంటున్నా. కానీ ఇంకో అనుమానం. భాష మాన్పించింది మిషన్లవాళ్ళే కదా, డాలీ నది దగ్గర కూడా కేథలిక్ మిషనే ఉంది. ఈవిడ చర్చి మనిషి. మరి అదెలా సమాధానపడ్డారు?

నర్సక్క_డార్విన్
ఆ ప్రశ్న నాకూ ఉంది, పూర్తిగా తీరలేదు కూడా. ఆవిడ చర్చి కోసం క్రీస్తు శిలువ మార్గం బొమ్మలు వేశారు, కానీ తన జనం గుర్తులతో, తన జనం గీతలతో వేశారు. దదిర్రి నా పూర్వీకులది, నా విశ్వాసం దాని మీద నిలబడింది అన్నట్టుగా ఉంటుంది ఆవిడ మాట. మిషన్లు చేసిన గాయం నిజం, ఆవిడ ప్రార్థన కూడా నిజం. కొంతమంది ఆదివాసీ పెద్దలు చర్చి గుమ్మం తొక్కరు, వాళ్ళదీ నిజమే. వీటిలో ఏది సరి అని తేల్చడం మన పని కాదని నా అభిప్రాయం.

సంధ్యవేళ
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నా. ఇవాళ రాస్తున్నా. అక్కా, ఆవిడ ఫౌండేషన్ గురించి ఎక్కడో చదివాను, మేనల్లుడో ఎవరో చనిపోయాక పెట్టారని. అది నిజమేనా?

మా తమ్ముడు ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ప్రాణం తీసుకున్నాడు. ఆరేళ్ళయింది. ఆ వారమంతా వాడు నాకు ఫోన్ చేశాడు. చేసిన ప్రతిసారీ నేనే మాట్లాడాను, బ్యాక్‌లాగ్స్ క్లియర్ చెయ్యి, నాన్నకి చెప్పకు, ధైర్యంగా ఉండు, ఇలా సలహాలు. వాడు ఊ, ఊ అంటూనే ఉన్నాడు. పైన మీరు ఊ కొట్టడం గురించి రాసింది చదివాక నిన్నంతా పని చేయలేకపోయాను.

నర్సక్క_డార్విన్
చెల్లీ, నీ మాట చదివాను. రెండుసార్లు చదివాను. ముందు ఒకటి చెబుతాను, నువ్వు వాడి ఫోన్ ఎత్తావు, ప్రతిసారీ ఎత్తావు. మనకి ఎవరూ నేర్పనిది మనం చేయలేకపోవడం నేరం కాదు.

నువ్వు చదివింది నిజమే. మిరియం-రోజ్ గారు తన కుటుంబంలోనే ఒక కుర్రాణ్ణి అలా పోగొట్టుకున్నారు, ఆ తర్వాతే 2013లో మిరియం రోజ్ ఫౌండేషన్ పెట్టారు. ఆ వయసు పిల్లలు రెండు లోకాల మధ్య ఇరుక్కుపోతున్నారని ఆవిడ చెబుతారు, ఒకటి తెల్లవాళ్ళది, ఒకటి తమది, రెండిట్లోనూ నిలబడటానికి కాళ్ళ కింద నేల ఉండాలి. అందుకే చదువు, కళ, నది, పెద్దలు అన్నీ ఒక చోట కలపాలని తాపత్రయం. అవార్డు తీసుకున్న రోజు ఆవిడ చెప్పిన దాని సారం ఇది: మేము మీ భాష నేర్చుకున్నాం, మీ దారిలో ఇంతకాలం ఒకే వైపు నడిచాం, ఇప్పుడు మీరు మా దగ్గరికి రండి, మేమెలా బతుకుతున్నామో చూడండి, మాకేం కావాలో వినండి.

ఇది చదివే వాళ్ళలో ఎవరికైనా బరువుగా ఉంటే ఒక్కరే మోయొద్దు. ఆస్ట్రేలియాలో లైఫ్‌లైన్ 13 11 14. ఆదివాసుల కోసం ఆదివాసులే ఎత్తే లైన్ 13 92 76. ఇండియాలో టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. చెల్లీ, నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టు. నేను సలహాలు చెప్పను.

సంధ్యవేళ
పెట్టానక్కా.

మన్యం_మాస్టారు
తల్లీ, మీ తమ్ముడి పేరు మీ ఇంట్లో మాట్లాడుకుంటున్నారా? మా వైపు ఇలా పోయినవాళ్ళ పేరు ఎత్తరు, పరువు అని. ఎత్తుకోండి. వాడికి ఏం ఇష్టమో, ఏ సినిమాకి వెళ్ళేవాడో మాట్లాడుకోండి.

పెరటిచెట్టు
మాస్టారూ, ఇక్కడ ఆదివాసుల్లో చాలాచోట్ల పోయినవాళ్ళ పేరు కొంతకాలం పలకరు, ఫోటో చూపించరు. అది సిగ్గుతో కాదు, గౌరవంతో. టీవీలో కూడా ముందు హెచ్చరిక వేస్తారు. మనం పరువు కోసం మూసేస్తాం, వాళ్ళు ప్రేమతో కొన్నాళ్ళు ఆపుతారు, ఆ కొన్నాళ్ళూ అందరూ కలిసే కూర్చుంటారు. దాన్ని సారీ బిజినెస్ అంటారు. ఆ సమయంలో అపాయింట్‌మెంట్‌కి రాకపోతే క్లినిక్ వాళ్ళు "రాలేదు" అని గుర్తు పెట్టేస్తారు.

కొత్తకాపు
నెల రోజుల తర్వాత వచ్చాను. నెట్ అంతంత మాత్రం, అందుకే ఆలస్యం. అందరికీ థాంక్స్, ముఖ్యంగా అక్కకి.

మొదటి వారం నా పాత పద్ధతే, ప్రశ్న మీద ప్రశ్న. జవాబు "అవును, అవును". రెండో వారంలో ఇక్కడి హెల్త్ వర్కర్ చెప్పాడు, మీరు తొందరగా అడిగితే మీరు తొందరగా వెళ్ళిపోవాలని అవును అంటారు డాక్టర్ అని. అప్పటినుంచి కంప్యూటర్ స్క్రీన్ పక్కకి తిప్పేసి, కుర్చీ ఎదురుగా కాకుండా పక్కగా వేసుకుని కూర్చుంటున్నా.

మొన్న ఒక పెద్దాయన పాదానికి పుండుతో వచ్చారు. షుగర్. ఫైల్లో మూడు చోట్ల "మందులు వాడడు" అని ఉంది. నేను ఒక్కటే అడిగి ఊరుకున్నా. ఎంతసేపో తెలియదు, నాకు మాత్రం చాలాసేపు అనిపించింది, మధ్యలో రెండుసార్లు నోటిదాకా వచ్చిన మాట మింగాను. ఆయన బయటికి చూస్తూ ముందు చెరువులో నీళ్ళు తగ్గిన సంగతి చెప్పారు. తర్వాత ఇంట్లో ఒకరు పోయారని చెప్పారు. వాళ్ళ ఆచారం ప్రకారం చావు జరిగిన ఇల్లు ఖాళీ చేసి, పొగ వేసేదాకా లోపలికి వెళ్ళరు. మాత్రల డబ్బా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అంతే అక్కా, కారణం అంతే. మా నాయనమ్మ ధనిష్ఠా పంచకంలో పోయినప్పుడు మా ఇల్లు కూడా ఆరు నెలలు పాడుపెట్టాం, నా పుస్తకాలన్నీ లోపలే ఉండిపోయాయి, పదో తరగతి అప్పుడు. ఆయనకి అది చెప్పాను, హెల్త్ వర్కర్ వాళ్ళ భాషలో చెప్పాడు. ఆయన మొదటిసారి నా వైపు తిరిగారు.

ఫైల్లో "మందులు వాడడు" కింద అసలు కారణం రాశాను. కొత్త డబ్బా ఇచ్చి, ఇప్పుడు ఉంటున్న ఇంటికి నర్సు వెళ్ళేలా ఏర్పాటు చేశాం.

నర్సక్క_డార్విన్
తమ్ముడూ, పాదం ఎలా ఉంది?

కొత్తకాపు
అంచులు శుభ్రంగా ఉన్నాయి అక్కా, చీము తగ్గింది. వచ్చే మంగళవారం రమ్మన్నాను. వస్తానని ఆయన అనలేదు. చెరువు వైపు చూసి కాసేపు ఆగి, వానలు ఎప్పుడు పడతాయో చెప్పి వెళ్ళారు. వస్తారనే అనుకుంటున్నా.